టీసీఎం పోయిందంటున్నారు... నిజంగా పోయిందా?

కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ఆటోమేటిక్ కారు, గేర్ పడటం లేదు, టీసీఎం (గేర్లను నడిపే కంప్యూటర్ డబ్బా) మార్చాలంటున్నారు. మన దేశంలో ఏఎంటీ కార్లు, అంటే మాన్యువల్ గేర్ బాక్సే ఉండి క్లచ్, గేర్ల పని బండే చేసుకునేవి, 2014లో సెలెరియోతో మొదలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన బండ్లన్నిటికీ ఇప్పుడు వయసు మీద పడుతోంది, మా వరంగల్ షెడ్లకు వాటి రాక పెరిగింది. అందుకే ఈ సంచికలో మైలేజీ, టైర్ల ప్రశ్నలు పక్కన పెట్టాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే సంచికలో చూద్దాం.

ప్రశ్న: నమస్తే అన్నా. నేను నర్సంపేట దగ్గర సర్కారు బడిలో టీచర్‌ని, హనుమకొండ నుంచి రోజూ వెళ్లొస్తాను. మాది 2018 మోడల్ చిన్న ఏఎంటీ కారు. ఈ మధ్య ఎండ ఎక్కాక డ్యాష్‌బోర్డు మీద గేర్ అంకె మాయమై ఒక గీత వస్తోంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆపి మళ్లీ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి కదలదు. బంద్ చేసి కాసేపు ఆగి స్టార్ట్ చేస్తే మామూలే. వర్క్‌షాపులో స్కానర్ పెట్టి ‘యూ0101’ అని చూపించారు. టీసీఎం పోయింది, 40 వేల పైనే అవుతుందన్నారు. మార్చినా తగ్గకపోతే ఎట్లా అని అడిగితే ‘గ్యారంటీ చెప్పలేం మేడం’ అన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మేడం, గ్యారంటీ చెప్పలేం అన్నారంటే ఆ రిపేరు మీద వాళ్లకే నమ్మకం లేదన్నమాట. వాళ్లకు నమ్మకం కుదిరేదాకా మీరు పైసలు తీయకండి.

ముందు ఆ కోడ్ సంగతి. యూ0101 అంటే టీసీఎం పాడైందని కాదు, టీసీఎంతో మాట తెగిపోయిందని. ఇంజిన్‌ను చూసుకునే ఈసీఎం, బ్రేకుల ఏబీఎస్, డ్యాష్‌బోర్డు, గేర్లను చూసుకునే టీసీఎం, ఇవన్నీ క్యాన్ లైన్ అనే రెండు వైర్ల మీద ఎప్పుడూ మాట్లాడుకుంటూ ఉంటాయి. టీసీఎం పలకకపోతే మిగతావి ఈ కోడ్ రాసిపెడతాయి. ఎందుకు పలకలేదో వాటికి తెలియదు. కరెంటు అందక పలకలేదా, ఎర్త్ వదులై పలకలేదా, క్యాన్ వైరు తెగి పలకలేదా, లోపలే చచ్చిపోయి పలకలేదా? నాలుగింటిలో ఆఖరిదానికే 40 వేలు. మొదటి మూడూ చాలామటుకు వందల్లో తేలిపోయే పనులు. మీకు ఆఖరిదాని బిల్లు ముందే చేతిలో పెట్టారు.

పీ0700 కోడ్ వచ్చిందని రాసినవాళ్లకు కూడా ఇక్కడే చెబుతాను. అది ‘నా దగ్గర ఏదో కోడ్ ఉంది, ఇంజిన్ లైటు వెలిగించు’ అని టీసీఎం పంపే కబురు మాత్రమే. అసలు కోడ్ టీసీఎం లోపల ఉంటుంది. ఇంజిన్ ఒక్కటే చదివే చౌక స్కానర్‌కు అది కనపడదు. పీ0700 ఒక్కటే చూపించి టీసీఎం మార్చాలి అంటే, ఉత్తరం చింపకుండా కవరు చూసి జవాబు చెప్పినట్టే.

ఇక మీ బండి. వేడెక్కితేనే మొండికేస్తోంది కాబట్టి ఏదో ఒకచోట పట్టు వదులుతోంది. అది కప్లర్ (వైర్లను టీసీఎంకు గుచ్చే సాకెట్) పిన్ కావచ్చు, ఎర్త్ బోల్టు కావచ్చు, టీసీఎం బోర్డు మీద సోల్డర్ చీలిక కావచ్చు. చీలిక కాదని ఇంట్లో కూర్చుని చెప్పలేను. కానీ వరస మాత్రం ఇట్లా ఉండాలి.

మొదట బ్యాటరీ. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. ఏఎంటీలో క్లచ్ నొక్కేది, గేర్ వేసేది కూడా కరెంటుతో నడిచే యాక్చువేటర్ అనే పరికరమే. బ్యాటరీ నీరసపడితే ఇంజిన్ స్టార్ట్ అయినా గేర్ల దగ్గర తిక్క వేషాలు వేస్తుంది.

తర్వాత టీసీఎం కప్లర్ దాకా కరెంటు వస్తోందా అన్నది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మల్టీమీటర్ పెట్టి ‘12.4 వోల్టులు వస్తోంది, వైరింగ్ ఓకే’ అనేస్తారు. లోపల తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మల్టీమీటర్‌కు 12.4 చూపిస్తుంది, ఎందుకంటే మల్టీమీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా. అందుకే నేను ఇండికేటర్‌కు వేసే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు సోల్డర్ చేసి పెట్టుకున్నాను. దాని ధర చాయ్ బిస్కెట్ ఖర్చంత. టీసీఎం కప్లర్ ఊడదీసి, కరెంటు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఆ బల్బు పెడితే దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. వైరు, ఎర్త్ రెండూ బాగుంటే బల్బు తెల్లగా వెలుగుతుంది. ఎక్కడైనా తేడా ఉంటే ఫిలమెంటు ఎర్రబడి ఊరుకుంటుంది. మా దగ్గరికి పరకాల నుంచి ఇట్లాంటి బండే ఒకటి వచ్చింది. మల్టీమీటర్‌లో అంతా భేషుగ్గా ఉంది, బల్బు మాత్రం ఎర్రగా మూలుగుతోంది. ఎర్త్ వైరు వెంబడే పోతే బ్యాటరీ ట్రే కింద ఎర్త్ బోల్టు దొరికింది. బ్యాటరీ యాసిడ్ కారి దాని చుట్టూ పచ్చగా చిలుము కట్టి ఉంది. చిలుము గోకి, కొత్త లగ్ వేసి బిగించాం. ఆ బండి ఇంకా పాత టీసీఎం మీదే తిరుగుతోంది.

మీ మెకానిక్ బల్బు పెట్టేటప్పుడు ఒక మాట చెప్పండి. కప్లర్ పిన్నుల్లో గుండుసూదులు, లావుపాటి ప్రోబులు దూర్చొద్దు. పిన్ను నోరు తెరుచుకుంటే కొత్త జబ్బు మొదలైనట్టే. ఉప్పుకాగితంతో రుద్దడం కూడా వద్దు, పైన ఉన్న పూత పోతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలు. పెట్రోలు పోసి కడిగేవాళ్లను చూశాను, వాళ్ల గురించి రాస్తే ఎడిటర్ గారు కొట్టేస్తారు.

మూడోది క్యాన్ లైన్. బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చే ఓబీడీ సాకెట్లో 6, 14 నంబర్ పిన్నుల మధ్య కొలిస్తే చాలా బండ్లలో 60 ఓమ్‌లు రావాలి. లైనుకు రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిస్తే 60. అక్కడ 120 వస్తే ఒక కొస తెగినట్టు, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు కలిసిపోయినట్టు. మీ బండిలో మిగతావి రాసిన కోడ్ స్కానర్‌కు దొరికింది కాబట్టి మెయిన్ లైన్ బాగానే ఉండొచ్చు, టీసీఎంకు పోయే కొమ్మ చూడాలి. వరి కోతల తర్వాత పొలాల్లో తిండి తగ్గి ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. బడి దగ్గర చెట్టు కింద పెట్టే బండి మీది, బానెట్ లేపి వైర్ల మీద పంటిగాట్లు ఉన్నాయేమో చూడండి. క్యాన్ వైర్లు మెలిపెట్టి ఉంటాయి. అతికినప్పుడు ఆ మెలిక పోకుండా సోల్డర్ చేసి స్లీవ్ వేయాలి. టేపు చుట్టి వదిలేస్తే వచ్చే వానాకాలం మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.

ఇవన్నీ బండి మొండికేసిన ఆ నిమిషంలోనే చూడాలి, బాగున్నప్పుడు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎండ దాకా ఆగలేకపోతే ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో టీసీఎం డబ్బాను గోరువెచ్చగా చేసి చూడొచ్చు. పెయింటు ఊడదీసే హాట్ గన్ మాత్రం వద్దు. కప్లర్ దగ్గర కరెంటు, ఎర్త్, క్యాన్ మూడూ నిక్కచ్చిగా ఉండి, వేడి తగలగానే టీసీఎం మూగబోతుంటే, అప్పుడు దోషి అదే. పీ0613 లాంటి ప్రాసెసర్ కోడ్ చెరిపిన వెంటనే మళ్లీ వస్తుంటే కూడా, కరెంటు, ఎర్త్ బాగున్నాయని తేల్చుకున్నాక, అనుమానం దాని మీదికే పోతుంది. అప్పుడు మార్చండి.

మార్చడం అంటే విప్పి బిగించడం కాదు. విప్పడం చిన్న పని. తాళంచెవి తీసి కొన్ని నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, చేతిని బాడీ ఇనుముకు ఆనించి, ఆ తర్వాతే టీసీఎం ముట్టుకోవాలి. అసలు పని కప్లర్ పెట్టాక మొదలవుతుంది. పార్ట్ నంబరు మీ మోడల్‌కు సరిపోవాలి. కంపెనీ స్కానర్‌తో మీ బండికి తగ్గ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, చాలా బండ్లలో ఛాసిస్ నంబరు కూడా రాయాలి. ఆపైన లర్నింగ్. మీ క్లచ్ ప్లేటు ఇన్నేళ్లలో ఎంతో కొంత అరిగింది, అది ఎక్కడ పట్టుకుంటుందో పాత టీసీఎంకు తెలుసు, కొత్తదానికి తెలియదు. క్లచ్ పట్టే చోటు, ఒక్కో గేర్ ఉండే చోటు స్కానర్ ద్వారా నేర్పించాలి. నేర్పకుండా ఇచ్చేస్తే బండి కుదుపులతో కదులుతుంది, లేకపోతే గేరే వేయదు. ఆ కుదుపు చూసి ‘క్లచ్ సెట్ కూడా మార్చాలి మేడం’ అంటారు. టీసీఎంతో పోయే ఖర్చు అక్కడి నుంచి పెరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్నంత సేపూ బ్యాటరీకి నిలకడైన కరెంటు సపోర్టు ఉండాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త టీసీఎం అక్కడే చచ్చిపోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయే షెడ్డులో ఆ పని పెట్టుకునేముందు ఇన్వర్టర్ ఉందా అని అడగండి, మొహమాటం వద్దు. పని అయ్యాక స్కానర్ రిపోర్టు ప్రింటు, పాత టీసీఎం, పార్ట్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ కాగితాలు లేకుండా అక్కడికి పోయినా పెద్దగా ఉపయోగం ఉండదు.

ప్రశ్న: అన్నా, మాది కరీంనగర్, సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ సెడాన్ కొన్నాను. టీసీఎం నిజంగానే పోయింది, రెండు చోట్ల చూపించాను. కొత్తది చాలా రేటు. హైదరాబాద్ స్క్రాప్‌లో సగం కంటే తక్కువకే దొరుకుతుందట. వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు తమ్ముడూ, కానీ ‘అదే మోడల్‌ది’ అన్న మాట నమ్మి పైసలు ఇవ్వకు. నీ పాత టీసీఎం మీద ఉన్న స్టిక్కర్ ఫోటో తీసుకుని పో. పార్ట్ నంబరు చివరి అక్షరంతో సహా కలవాలి. ఒకే మోడల్ కారులో కూడా పెట్రోలుకు ఒకటి, డీజిలుకు ఒకటి, ఏడాది మారితే ఇంకొకటి ఉంటాయి.

స్క్రాప్ టీసీఎంలో పాత బండి ఛాసిస్ నంబరు, ఆ బండి గేర్ బాక్స్ అలవాట్లు ఉంటాయి. కొన్ని బండ్లలో అది దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్‌కు కూడా ముడిపడి ఉంటుంది, నీ బండిలో పెడితే ససేమిరా పని చేయదు. దీనికి దారి క్లోనింగ్. పాతదానిలోని డేటా చదివి దీనిలోకి ఎక్కిస్తారు. నీ పాతది పూర్తిగా చచ్చి ఉంటే డేటా చదవడం కష్టం. అందుకే ముందు డేటా చదవగలరో లేదో తేల్చుకో, తర్వాత స్క్రాప్ కొను. చాలామంది తిరగేసి చేస్తారు, తర్వాత ఆ టీసీఎం అల్మారాలో పడి ఉంటుంది. నీది సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే ఇంకొక చిక్కు. కొన్ని సీవీటీలలో ఆయిల్‌ను నడిపించే వాల్వ్ బాడీకి సరిపోయే కాలిబ్రేషన్ డేటా విడిగా టీసీఎంలోకి రాయాలి, వేరే గేర్ బాక్స్ డేటాతో నడిపిస్తే ఆయిల్ ప్రెషర్ లెక్క తప్పుతుంది.

రిపేరు సంగతి కూడా ఒకసారి చూడు. మామూలు సర్క్యూట్ బోర్డు ఉన్న టీసీఎం అయితే సోల్డర్ చీలికలు, కాలిన రెగ్యులేటర్లు మంచి ఎలక్ట్రానిక్స్ మనిషి చేతిలో బాగవుతాయి. మూత తీస్తే లోపల మెత్తటి జెల్, దాని కింద వెంట్రుక మందం అల్యూమినియం తీగలు కనిపిస్తే మాత్రం సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న ఎవరినీ దాని దగ్గరికి రానీయకు.

ప్రశ్న: నేను సింగరేణిలో చేసి రిటైరయ్యాను, మంచిర్యాలలో ఉంటాను. పాత ఇంపోర్టెడ్ ఆటోమేటిక్ కారు, నాకు ప్రాణం. టీసీఎం పోయిందని వేరేది వేయించాను. రెండు నెలలు బాగా నడిచి మళ్లీ మూడో గేర్‌లోనే ఉండిపోతోంది. పాతది విప్పినప్పుడు కప్లర్ తడిగా ఉంది, మెకానిక్ తుడిచి పెట్టేశాడు. ఆయిల్‌లో కరెంటు పారదు, ఏం కాదన్నాడు. ఇప్పుడు ఇది కూడా పోయినట్టేనా?

జవాబు: పెద్దాయనా, ఆ ‘తడిగా ఉంది’ అన్న ముక్క దగ్గరే మీ ఉత్తరం మళ్లీ మొదటి నుంచి చదివాను. టీసీఎం ఉన్నది గేర్ బాక్స్‌కు దూరంగా, పైన. అక్కడికి గేర్ ఆయిల్ ఎట్లా వచ్చిందని మీ మెకానిక్ అడగాల్సింది.

గేర్ బాక్స్ లోపలి సోలినాయిడ్లకు (కరెంటుతో తెరుచుకునే వాల్వులకు), సెన్సర్లకు పోయే వైర్లు ఒక పెద్ద కప్లర్ గుండా బయటికి వస్తాయి. ఆ కప్లర్ చుట్టూ రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రింగ్ గట్టిబడి పగులుతుంది, ఆయిల్ కప్లర్‌లోకి చేరుతుంది. అక్కడి నుంచి దీపం వత్తి నూనె పీల్చినట్టు వైరు లోపలి రాగి పోగుల సందుల్లోంచి పైకి పాకి టీసీఎం దాకా వస్తుంది. బయట ఎక్కడా చుక్క కనపడదు. వైరు పైతోలు కొంచెం గోకితే వేలికి జిడ్డు తగులుతుంది, అంతే.

ఆయిల్‌లో కరెంటు పారదన్నది కొత్త ఆయిల్ విషయంలో నిజమే. వాడిన ఆయిల్‌లో క్లచ్ పొడి, ఇనుప నలుసులు ఉంటాయి. పిన్నుల మధ్య అది చేరితే సెన్సర్ సిగ్నళ్లు తారుమారవుతాయి. అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ నుంచి అర్థం కాని లెక్క వస్తే టీసీఎం భయపడి లింప్ మోడ్‌లోకి పోతుంది, అంటే ఒకే గేర్‌లో నిలబడుతుంది. అది గేర్ బాక్స్‌ను కాపాడుకోవడం, చెడిపోవడం కాదు. కాబట్టి మీ రెండో టీసీఎం బతికే ఉండొచ్చు, ఇప్పుడే పారేయకండి. మొదటిది కూడా ఇంట్లో ఉంటే దాచిపెట్టండి.

ముందు గేర్ బాక్స్ వైపు కప్లర్, ఓ-రింగ్ మార్పించండి. రెండు చివర్లా కప్లర్లను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగించండి. వైర్లలో ఇంకిన ఆయిల్ ఒక్కసారికి పోదు, కొన్నాళ్లు కారుతూనే ఉంటుంది. మధ్యలో ఒకచోట వైరును కోసి సోల్డర్‌తో అతికితే ఆయిల్ అక్కడ ఆగిపోతుంది, పోగుల సందులు సోల్డర్‌తో నిండుతాయి కాబట్టి. ఓపికగా ఒక్కో వైరూ చేసే మనిషి కావాలి. గేర్ ఆయిల్ లెవెల్ కూడా చూపించండి, కంపెనీ చెప్పిన వేడిలోనే కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకటి, వేడెక్కాక ఒకటి చూపిస్తుంది.

ప్రశ్న: మాది ములుగు. మేడారం జాతర ట్రాఫిక్‌లో పస్రా దాటాక ఏఎంటీ కారు గంటల తరబడి పాకింది. కాలిన వాసన వచ్చి, గేర్ లైటు వెలిగి, బండి ఆగిపోయింది. తెల్లారి బాగానే నడిచింది. టీసీఎం చూపించాలా?

జవాబు: టీసీఎం తన పని తాను చేసింది. పాకే ట్రాఫిక్‌లో ఏఎంటీ క్లచ్ సగం పట్టీ సగం వదిలీ రాపిడికి మాడుతుంది. ఎక్కువ వేడెక్కితే టీసీఎం గేర్ తీసేస్తుంది. అట్లాంటప్పుడు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి చల్లారనివ్వాలి. ముందు బండికి, మీకు మధ్య కాస్త జాగా వదిలి, ఒకేసారి కదిలి మళ్లీ ఆగండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని పట్టి ఉంచొద్దు. ఎక్కేటప్పుడు జారుతున్నట్టు అనిపిస్తే క్లచ్ ప్లేటు చూపించండి.

ప్రశ్న: మోరంచవాగు వరదలో మా చుట్టాల కారు మునిగింది. టీసీఎంతో సహా అన్నీ పోయాయన్నారు. అసలు టీసీఎంకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

జవాబు: దానంతట అది చెడిపోతే రాదు. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో మినహాయింపు. వరదలో మునిగితే మాత్రం ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి ఉండే కవర్) కింద క్లెయిమ్ చేయవచ్చు, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే లేదు. 5 ఏళ్లు దాటి 10 లోపు ఉన్న బండికి లోహపు భాగాల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీల మీద 50 శాతం తరుగు కోస్తారు. జీరో డెప్ తీసుకుని ఉంటే ఆ కోత ఉండదు. సర్వేయర్ దేన్ని ఏ లెక్కలో వేశాడో అడిగి రాయించుకోండి.

2020 ఆగస్టులో నయీంనగర్‌లో, 2023 జులైలో మోరంచపల్లిలో నీళ్లు దిగాక చాలామంది ఆత్రం కొద్దీ తాళం తిప్పి చూశారు. టీసీఎం లాంటి తడి మాడ్యూళ్లలోకి కరెంటు పోతే బతికేవి కూడా మాడిపోతాయి, సిలిండర్లలో నీళ్లుంటే ఇంజిన్ కూడా పోతుంది, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా ఉంటే తప్ప క్లెయిమ్ కష్టం. బండి మునిగితే చేయాల్సినవి రెండే. బ్యాటరీ నెగటివ్ తీయాలి, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి పంపాలి.

ప్రశ్న: మాది జగిత్యాల. ఆటోమేటిక్ కారు పార్క్‌లోంచి లివర్ కదలడం లేదు. టీసీఎం అంటున్నారు.

జవాబు: వెనక్కి ఒక మనిషిని పంపి, బ్రేక్ తొక్కి, బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా అడగండి. వెలగకపోతే బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ చూపించండి, దాని ఫ్యూజు కూడా. బ్రేక్ తొక్కినట్టు తెలియందే లివర్ లాక్ వదలదు. ఈ స్విచ్ రేటు వందల్లోనే ఉంటుంది.

ప్రశ్న: మాది జనగామ. ఏఎంటీ కారు బ్యాటరీ డౌన్ అయితే తోసి స్టార్ట్ చేయొచ్చా? మా బావ చేయొచ్చంటాడు.

జవాబు: మీ బావగారు మాన్యువల్ కార్ల కాలం మనిషి. ఏఎంటీలో క్లచ్ నొక్కడానికీ, గేర్ తీయడానికీ కరెంటే కావాలి. గేర్‌లో పార్క్ చేసిన బండి బ్యాటరీ చచ్చిపోతే తోసినా కదలదు. జంపర్ కేబుల్ వేయండి. ఎరుపు ముందు మీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నలుపు మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి క్లిప్పు మీ బ్యాటరీకి దూరంగా ఇంజిన్ ఇనుముకు. ఎరుపు, నలుపు తారుమారు చేస్తే టీసీఎం మీద మీరు రాసే తర్వాతి ఉత్తరం నిజమైన ఉత్తరమే అవుతుంది.